ఉక్రెయిన్ మీద రష్యా దాడిని 141 దేశాలు ఖండించినా యుద్ధం ఆగలేదు కదా, మరి ఆ ఖండన దేనికి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఒక దేశం సరిహద్దు దాటి పక్క దేశంలోకి సైన్యాన్ని పంపిస్తుంది. మర్నాటికల్లా రాజధానులన్నీ "తీవ్రంగా ఖండిస్తున్నాం" అంటాయి. ఐక్యరాజ్యసమితిలో తీర్మానం కూడా పాసవుతుంది. ట్యాంకులు మాత్రం ముందుకే పోతుంటాయి. ఇదంతా నాటకమేనా? భారత్ ఎందుకు ఓటింగ్‌కు దూరంగా ఉంటుంది? ఇక్కడ జవాబిచ్చినవాళ్లలో ఇప్పటికే కొందరు "అవును, నాటకమే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో చాలాకాలం పనిచేశాను. ఈ తీర్మానాల కాపీలు, ఓట్ల పట్టికలు చదవడం రోజువారీ పనిగా ఉండేది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఖండన వల్ల ట్యాంకు ఆగదు. ఈ విషయంలో మీతో వాదన లేదు. కానీ అది చేయగల పని వేరే ఉంది. పొలం కబ్జా చేసినవాడు కంచె వేసుకోగలడు, నాలుగు పంటలూ తీసుకోగలడు. రిజిస్ట్రేషన్ కానంతకాలం మాత్రం దాన్ని అమ్మలేడు, బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోలేడు, కేసు ఎప్పుడు తిరగబడుతుందోనన్న టెన్షన్ వదిలించుకోలేడు. దురాక్రమణను ఖండించే తీర్మానం అడ్డుకునేది ఆ రిజిస్ట్రేషన్‌నే. దాని ఫలితం వారాల్లో కనిపించదు. ఒక్కోసారి పాతికేళ్లు పడుతుంది, ఒక్కోసారి యాభై ఏళ్లు. అసలు కనిపించని సందర్భాలూ ఉన్నాయి, వాటి గురించీ చెబుతాను.

మొదట లోపల ఏం జరుగుతుందో చూద్దాం. 2022 ఫిబ్రవరి 23 రాత్రి న్యూయార్క్‌లో భద్రతా మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఆ నెల అధ్యక్ష స్థానం వంతు రష్యాది. అంటే ఏ దేశం దాడి చేస్తుందేమోనన్న భయంతో సమావేశం పెట్టారో, సభ నడుపుతున్నది ఆ దేశ రాయబారే. సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్, మీ సైన్యాన్ని ఆపండి అని పుతిన్‌ను నేరుగా ఉద్దేశించి వేడుకున్నారు. సభ్యులు ఇంకా ప్రసంగాలు చదువుతుండగానే, పుతిన్ టీవీలో "ప్రత్యేక సైనిక చర్య" ప్రకటించేశారు. దాడి వద్దని చెప్పడానికి రాసుకొచ్చిన కాగితాలు చదువుతుండగానే దాడి వార్త వచ్చింది. ఉక్రెయిన్ రాయబారి కిస్లిత్స్యా తన వంతు వచ్చేసరికి, నేను రాసుకొచ్చిన దాంట్లో చాలాభాగం ఇక పనికిరాదు అన్నారు. మీ విదేశాంగ మంత్రి లావ్రోవ్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి అని రష్యా రాయబారి నెబెంజ్యాను అడిగారు. ఈ వేళప్పుడు ఆయన్ని నిద్ర లేపను అన్నది జవాబు. చివరికి కిస్లిత్స్యా, యుద్ధ నేరస్థులకు మధ్యలో మజిలీలేమీ ఉండవు, నేరుగా నరకానికే పోతారు రాయబారి గారూ, అని ముగించారు. దౌత్య సభల్లో ఇంత సూటిగా మాట్లాడటం అరుదు.

రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 25న, తీర్మానం ఓటుకు వచ్చింది. 15 మంది సభ్యుల్లో 11 మంది అనుకూలం. చైనా, భారత్, యూఏఈ ఓటింగ్‌కు దూరం. రష్యా వీటో. ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటి కాదన్నా చాలు. అంతే, తీర్మానం పోయింది.

నిందితుడే వీటో వేసుకోవడం ఏమిటని మీకు అనిపించే ఉంటుంది. సమితి నియమావళి, అంటే చార్టర్, రాసినవాళ్లకూ అనిపించింది. వివాదంలో ఉన్న దేశం ఓటు వేయకూడదని 27వ అధికరణ మూడో పేరాలో ఉంది. కానీ అది శాంతియుత పరిష్కారానికి సంబంధించిన ఆరో అధ్యాయం కింది నిర్ణయాలకు, మరో చిన్న సందర్భానికి మాత్రమే వర్తిస్తుంది. ఆంక్షలు, సైనిక చర్య వంటి అసలు బలమంతా ఉన్న ఏడో అధ్యాయం దాని బయటే ఉంది. ఐదు పెద్ద దేశాలు 1945లో ఆ షరతు మీదే సమితిలోకి వచ్చాయి. అది లేకపోతే సమితే ఉండేది కాదన్నది నా అభిప్రాయం. నచ్చినా నచ్చకపోయినా.

ఆ వీటో వ్యవహారం కంటే నాకు ఆసక్తిగా అనిపించేది తీర్మానంలో క్రియాపదం. ఫిబ్రవరి 25 ముసాయిదాలో మొదట "ఖండిస్తున్నాం" అని ఉండేది. ఓటుకు వచ్చేసరికి దాన్ని ఒక మెట్టు దించి "గర్హిస్తున్నాం" అన్న స్థాయికి తెచ్చారు. చైనా వ్యతిరేకంగా ఓటు వేయకుండా ఉండటానికే ఈ మార్పు. చైనా దూరంగా ఉండిపోయింది, రష్యా ఒంటరిగా వీటో వేయాల్సి వచ్చింది. వీటో ఎలాగూ తప్పదని తెలిసినప్పుడు పోరాటమంతా దీని మీదే: పక్కన ఇంకెవరైనా నిలబడతారా, లేదా? రాత్రంతా కూర్చుని ఒక్క మాట మీద బేరమాడేది అందుకే.

మండలిలో దారి మూసుకుపోతే ఏం చేయాలన్నది 1950లోనే తేల్చారు. ఆ ఏడాది జూన్ 25న ఉత్తర కొరియా దక్షిణ కొరియాలోకి చొరబడింది. చైనా సీటు కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వలేదన్న కోపంతో సోవియట్ యూనియన్ అప్పుడు మండలిని బహిష్కరించి ఉంది. దాంతో తీర్మానాలు చకచకా పాసయ్యాయి. ఆగస్టులో సోవియట్ ప్రతినిధి తిరిగి వచ్చి కూర్చున్నాక దారి మళ్లీ మూసుకుపోయింది. అప్పుడు అమెరికా చొరవతో నవంబరు 3న, సభ్య దేశాలన్నీ కూర్చునే జనరల్ అసెంబ్లీ 377వ తీర్మానం చేసింది. మండలి వీటోతో చేతులెత్తేస్తే అసెంబ్లీ అత్యవసర ప్రత్యేక సమావేశం పెట్టుకోవచ్చు. మండలి అలా పంపించే ఓటు సభ నడిపే పద్ధతికి సంబంధించినది కాబట్టి దానికి వీటో చెల్లదు. 2022 ఫిబ్రవరి 27న మండలి వాడింది ఈ దారినే.

అలా మార్చి 2న అసెంబ్లీలో వచ్చిందే ఆ 141. వ్యతిరేకంగా ఐదే: రష్యా, బెలారస్, ఉత్తర కొరియా, ఎరిత్రియా, సిరియా. దూరంగా ఉన్నవి 35. ఐదు రోజుల కిందట మండలిలో దూరంగా ఉన్న యూఏఈ ఇక్కడ అనుకూలంగా ఓటేసింది. వెనెజువెలా ఏ జాబితాలోనూ లేదు. చందా బకాయిలు పేరుకుపోవడంతో దాని ఓటు హక్కే ఆగిపోయి ఉంది. ఇలాంటి చిన్న విషయాలు తెలియకపోతే "ఆ దేశం కావాలనే మొహం చాటేసింది" అని కథలల్లే ప్రమాదం ఉంది. మా డెస్క్‌లో కూడా కొత్తవాళ్లు ఇక్కడే తడబడేవారు.

ఇప్పుడు ఒక వరుస చూడండి. ఉక్రెయిన్ మీద అదే ఏడాది వచ్చిన ఓట్లివి. దాడిని గర్హించడానికి 141. మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేయడానికి, ఏప్రిల్ 7న, 93. ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను రష్యా కలుపుకోవడం చెల్లదనడానికి, అక్టోబరు 12న, 143. రష్యా నష్టపరిహారం కట్టాలనడానికి, నవంబరు 14న, 94. ఆరోజు దూరంగా ఉన్నవే 73. మాట అనడానికి వచ్చినంతమంది బిల్లు వేయడానికి రాలేదు. అదే సమయంలో సరిహద్దులు బలవంతంగా మార్చడం కుదరదన్న దానికి అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఆఫ్రికాలో, ఆసియాలో సరిహద్దులు చాలావరకు వలస పాలకులు గీసినవే. వాటిని తుపాకీతో సరిదిద్దుకోవచ్చని ఒకసారి ఒప్పుకుంటే తమ ఇల్లే నిలవదని ఆ దేశాలకు తెలుసు. దాడికి ముందు మండలిలో కెన్యా రాయబారి కిమానీ చేసిన ప్రసంగం సారం అదే. అది ఇప్పటికీ చదవదగ్గది.

ఖండన నిజంగానే పనిచేసిన సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. 1956 చివర్లో ఒకే వారంలో రెండు దురాక్రమణలు జరిగాయి. సూయజ్ కాలువ కోసం ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద పడ్డాయి. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో దిగి హంగేరీ తిరుగుబాటును అణిచేశాయి. రెండింటి మీదా అసెంబ్లీ అత్యవసర సమావేశాలు పెట్టింది, రెండింటి మీదా తీర్మానాలు చేసింది. సూయజ్ మీద 64 దేశాలు ఒకవైపు, ఐదు ఒకవైపు. డిసెంబరు 22 నాటికి బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు ఈజిప్టు నుంచి పూర్తిగా వెళ్లిపోయాయి. ఇజ్రాయెల్ మరుసటి మార్చిలో వెనక్కి తగ్గింది. హంగేరీలో సోవియట్ సైన్యం మాత్రం 1991 దాకా ఉంది.

తేడా ఎక్కడొచ్చింది? సూయజ్ తీర్మానం వెనుక అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నిలబడ్డారు. బ్రిటన్ పౌండు విలువ కరిగిపోతోంది, దాన్ని నిలబెట్టుకోవడానికి అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి డబ్బు కావాలి. సైన్యం వెనక్కి వచ్చేదాకా ఆ డబ్బుకు అమెరికా అడ్డుపడింది. లండన్‌ను కదిలించింది కైరోలో పేలిన బాంబుల కంటే ఖజానా లెక్కలే. హంగేరీ విషయంలో మాస్కోను అలా పట్టుకునే పిడి ఎవరి దగ్గరా లేదు. కాబట్టి నా మొదటి సూత్రం ఇదే: తీర్మానం చూడగానే దాని వెనుక డబ్బు ఎవరిదో, ఆ డబ్బు అవసరం ఎవరికుందో చూడండి. ఓట్ల సంఖ్య తర్వాత.

కువైట్ అయితే దాదాపు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ కేసు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అదేరోజు మండలి 660వ తీర్మానం చేసింది. 14 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం లేదు, యెమెన్ ఓటింగ్‌లో పాల్గొనలేదు. చాలా చిన్న తీర్మానం అది. ఇరాక్ పేరు పెట్టి దాడిని ఖండించింది. ఇరాక్ బలగాలు ఆగస్టు 1న ఎక్కడున్నాయో అక్కడికే, వెంటనే, షరతుల్లేకుండా వెళ్లాలంది. ఆ తేదీ రాయడంలోనే పనితనమంతా ఉంది. "ఉద్రిక్తతలు తగ్గించుకోవాలి" అని రాసి ఉంటే ఇరాక్ అధ్యక్షుడు సద్దాం ఏళ్ల తరబడి చర్చల్లో కూర్చోబెట్టేవాడు. ఆగస్టు 6న ఆంక్షలు, 9న విలీనం చెల్లదన్న ఏకగ్రీవ తీర్మానం, నవంబరు 29న జనవరి 15 గడువుతో బలప్రయోగానికి అనుమతి. ఆ చివరి తీర్మానానికి యెమెన్, క్యూబా వ్యతిరేకంగా ఓటేశాయి. మీరు వేసిన ఓట్లన్నిటిలోకీ ఖరీదైనది ఇదే అని అమెరికా వైపు నుంచి యెమెన్ రాయబారికి అప్పటికప్పుడే మాట అందిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ తర్వాత యెమెన్‌కు అమెరికా సాయం దాదాపుగా నిలిచిపోయింది. యెమెన్ వైఖరి మీద కోపంతో సౌదీ అప్పటికే లక్షల మంది యెమెన్ కార్మికులను ఇంటిదారి పట్టించింది. ఖండన "ఉత్త మాట" అయితే దానికి వ్యతిరేకంగా వేసిన ఓటుకు ఇంత ధర ఎందుకు?

దాదాపు పదేళ్ల ముందు అదే ఇరాక్ అంతకంటే పెద్ద దాడి చేసింది, అప్పుడు మండలి ఏం చేసిందో కూడా చూడాలి. 1980 సెప్టెంబరు 22న ఇరాక్ ఇరాన్‌లోకి చొచ్చుకెళ్లింది. ఆరు రోజుల తర్వాత వచ్చిన 479వ తీర్మానంలో దాడి చేసిందెవరో లేదు. సరిహద్దుకు వెనక్కి వెళ్లమన్న మాట లేదు. ఇద్దరూ బలప్రయోగం ఆపాలి, అంతే. కారణం సులువే: తెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బంది బందీలుగా ఉన్నారు, విప్లవ ఇరాన్‌కు మండలిలో స్నేహితుడే లేడు. ఇరాన్ ఆ తీర్మానాన్ని నమ్మలేదు, ఆ తర్వాత మండలి మాటనూ చాలాకాలం నమ్మలేదు. యుద్ధం 1988 దాకా సాగింది. ఇరాక్‌దే దురాక్రమణ అని సమితి ప్రధాన కార్యదర్శి తన నివేదికలో రాసింది 1991 డిసెంబరులో, అంటే కువైట్ గొడవ ముగిశాక. ఖండించకపోవడానికి కూడా మూల్యం ఉంటుందనడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ దొరకలేదు. "రెండు పక్షాలూ సంయమనం పాటించాలి" అన్న వాక్యం కనిపిస్తే దాడి చేసినవాడికి అది ఎంత తీపిగా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

పెద్ద దేశాలకు మాత్రం ఖండన తగలదా అంటే, చాలావరకు తగలదు. 1983 అక్టోబరు 25న అమెరికా కరీబియన్ దీవి గ్రెనడాలో సైన్యాన్ని దింపింది. మండలిలో సొంత వీటో వాడుకుంది. అసెంబ్లీలో 108 దేశాలు ఆ చర్యను గర్హించాయి, వ్యతిరేకించినవి తొమ్మిదే. విలేకరులు అడిగితే, దాంతో నా ఉదయపు ఫలహారం ఏమీ చెడిపోలేదు అన్నారు అమెరికా అధ్యక్షుడు రీగన్. 1989 చివర్లో పనామా విషయంలోనూ అదే కథ, 75 ఓట్లతో. 2003లో ఇరాక్ మీద దాడికైతే మండలి తీర్మానమే రాలేదు. అది చార్టర్‌కు అనుగుణంగా లేదని, చట్టవిరుద్ధమేనని అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఏడాదిన్నర తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఉక్రెయిన్ మీద ఓట్లు అడగడానికి పశ్చిమ దేశాలు వెళ్లినప్పుడు ఆఫ్రికా, అరబ్ రాజధానుల్లో ఎదురైన మొదటి ప్రశ్న దీని గురించే. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే, ఒక దొంగతనానికి శిక్ష పడలేదు కాబట్టి ఇంకోదాన్ని దొంగతనం అనకూడదన్న వాదన మాత్రం నాకెప్పుడూ మింగుడు పడలేదు.

ఇక మొదట్లో చెప్పిన రిజిస్ట్రేషన్ సంగతికి వస్తాను. ఈ పద్ధతికి పునాది 1932 జనవరిలో పడింది. జపాన్ చైనాలోని మంచూరియాను ఆక్రమిస్తే, బలంతో తెచ్చిన మార్పును గుర్తించబోమని అమెరికా విదేశాంగ మంత్రి స్టిమ్సన్ నోట్ పంపారు. జపాన్ నవ్వుకుంది. మరుసటి ఏడాది, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి 42–1 ఓట్లతో తప్పుపడితే ఏకంగా సభ నుంచి నడిచి వెళ్లిపోయింది. ఆనాటికి అది ఓటమే. కానీ పద్ధతి మిగిలింది. 1940లో స్టాలిన్ ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలను కలిపేసుకున్నప్పుడు, జులై 23న అమెరికా దాన్ని గుర్తించబోమని ప్రకటించింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఆ మూడు దేశాలు ప్రపంచ పటంలో లేవు. అయినా అమెరికాలో వాటి దౌత్య కార్యాలయాలు తెరిచే ఉన్నాయి. దేశం లేని దౌత్యవేత్తలు అందులో ముసలివాళ్లయ్యారు, కొందరు పదవిలోనే పోయారు. 1991లో సోవియట్ కూలినప్పుడు ఆ మూడు దేశాలు కొత్తగా పుట్టామని చెప్పలేదు, పాత దేశాలమే తిరిగి వచ్చామన్నాయి. ప్రపంచం ఒప్పుకుంది. దస్త్రం ఎప్పుడూ మూతపడలేదు కాబట్టే అది వీలైంది.

తూర్పు తిమోర్ కథ ఇంకా నాటకీయం. 1975 డిసెంబరు 7న ఇండోనేషియా ఆక్రమించింది. అదే నెలలో మండలి ఏకగ్రీవంగా వెనక్కి వెళ్లమంది. ఎవరూ వెళ్లలేదు. అసెంబ్లీలో ఏటేటా మద్దతు కరిగిపోయింది. 1982 నాటికి 50 మంది అటు, 46 మంది ఇటు, 50 మంది దూరం. నాలుగు ఓట్ల తేడాతో బతికిన ఆ తీర్మానాన్ని ఆ తర్వాత ఓటుకు పెట్టడమే మానేశారు. పక్కనున్న ఆస్ట్రేలియా విలీనాన్ని గుర్తించి, సముద్రంలో చమురు పంచుకోవడానికి ఇండోనేషియాతో ఒప్పందం కూడా చేసుకుంది. అంతా అయిపోయిందనే అనుకున్నారు. అయితే సమితి దస్త్రాల్లో ఆ ప్రాంతానికి పాలనా బాధ్యత గల దేశంగా పాత వలస పాలక దేశం పోర్చుగల్ పేరే అలాగే ఉంది. 1998లో ఇండోనేషియా పాలకుడు సుహార్తో పడిపోయి జకార్తాకు డబ్బు, పరువు రెండూ అవసరమైనప్పుడు, ఆ కాగితమే బయటికి వచ్చింది. 1999 మే 5న ఇండోనేషియా, పోర్చుగల్ సమితితో కలిసి ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఆగస్టు 30న ఓటింగ్ జరిగితే 78.5 శాతం మంది ఇండోనేషియా ఇస్తానన్న స్వయంప్రతిపత్తిని కాదని స్వాతంత్ర్యం వైపు వెళ్లారు. దానికి ప్రతీకారంగా జరిగిన హింస మరో పెద్ద విషాదం. 2002 మే 20న కొత్త దేశం ఏర్పడింది. ఆ మధ్య ఇరవై నాలుగేళ్లలో చనిపోయినవాళ్లకు తీర్మానం ఏం చేసిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఉత్తర సైప్రస్ ఇంకో రకం. 1974లో టర్కీ సైన్యం దిగింది, 1983లో అక్కడ ప్రత్యేక దేశం ప్రకటించారు. అది చెల్లదని మండలి తేల్చింది. ఇప్పటికీ దాన్ని గుర్తించింది టర్కీ ఒక్కటే. విమానం ఎక్కాలన్నా టర్కీ మీదుగా పోవాల్సిందే. సైన్యం కదల్లేదు, హక్కూ రాలేదు. యాభై ఏళ్లుగా అలా వేలాడుతోంది.

డబ్బు సంగతి చాలామందికి తెలియదు. కువైట్ ఆక్రమణకు పరిహారంగా ఇరాక్ చమురు ఆదాయంలో కొంత శాతం కోసి జెనీవాలోని పరిహార కమిషన్‌కు జమ చేశారు. మొత్తం 52.4 బిలియన్ డాలర్లు. ఆఖరి వాయిదా 2022 జనవరిలో కట్టారు, అంటే సద్దాం పోయిన పదిహేనేళ్లకు. పరిహారం అందుకున్నవాళ్లలో చమురు కంపెనీలే కాదు, ఉద్యోగం, సామాను వదిలేసి కువైట్ నుంచి పారిపోయిన మామూలు కార్మికులు కూడా ఉన్నారు. వాళ్లకు స్థిరంగా మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు ఇచ్చారు. కాంగోలో సైన్యాన్ని దింపినందుకు ఉగాండాను అంతర్జాతీయ న్యాయస్థానం 2005లో తప్పుపట్టింది. 2022 ఫిబ్రవరి 9న 325 మిలియన్ డాలర్లు కట్టమంది. ఏటా 65 మిలియన్ల చొప్పున ఐదు వాయిదాలు. ఉగాండా కట్టడం మొదలుపెట్టింది కూడా. ఉక్రెయిన్ విషయంలో ఆ 94 ఓట్ల తీర్మానం ఆధారంగానే హేగ్‌లో నష్టాల రిజిస్టర్ తెరిచారు. ఇళ్లు కూలినవాళ్లు 2024 ఏప్రిల్ నుంచి అందులో నమోదు చేసుకుంటున్నారు. డబ్బు ఎప్పుడొస్తుందో వేరే మాట, కానీ లెక్క రాయడం మొదలైంది.

భారత్ సంగతి. మన దేశం ఈ గదిలో నిందితుడి కుర్చీలో కూడా కూర్చుంది, అది మర్చిపోతే మన ఓట్లు అర్థం కావు. 1961 డిసెంబరులో గోవాలోకి సైన్యం వెళ్లినప్పుడు మండలిలో ఏడు దేశాలు మనల్ని వెనక్కి పిలవాలన్నాయి, నాలుగు వద్దన్నాయి. సోవియట్ వీటో కాపాడింది. 1971 డిసెంబరు 7న, బంగ్లాదేశ్ యుద్ధం మధ్యలో, కాల్పులు ఆపి సైన్యాలు తమతమ సరిహద్దుల్లోకి వెళ్లాలని అసెంబ్లీ 104–11తో చెప్పింది. అది ఖండన తీర్మానం కాదు గానీ దెబ్బ మనకే. ఆ పదకొండులో మనమూ భూటానూ పోతే మిగిలినవి సోవియట్ కూటమి దేశాలే. అందులో అప్పట్లో విడిగా సమితి సభ్యత్వం ఉన్న ఉక్రెయిన్ కూడా ఉంది. చరిత్ర ఇలాంటి చిలిపి పనులు చేస్తుంటుంది. ఆ రుణం, ఆయుధాల కొనుగోళ్లు, చైనా భయం కలిసి తయారైందే మన అలవాటు. 1956లో హంగేరీ మీద నెహ్రూ మెతకగా మాట్లాడారని విమర్శలొచ్చాయి. 1980 జనవరిలో అఫ్గానిస్థాన్ మీద 104 దేశాలు సోవియట్‌ను తప్పుపడితే మనం దూరంగా ఉన్నాం. 2022లోనూ అంతే.

అయితే దూరంగా ఉండటం అంటే నోరు మూసుకోవడం కాదు. ఓటు తర్వాత ఇచ్చే వివరణ చదవాలి. 2022 ఫిబ్రవరి 25న మన రాయబారి తిరుమూర్తి రష్యా పేరు ఎత్తలేదు. కానీ దేశాల సార్వభౌమాధికారాన్ని, ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలన్నారు, దౌత్య మార్గాన్ని వదిలేయడం విచారకరమన్నారు. ఎవరు వదిలేశారో అందరికీ తెలుసు. అదే ఏడాది ఆగస్టులో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ మండలిలో వీడియో ద్వారా మాట్లాడటానికి అనుమతించాలా అన్న ఓటు వస్తే మనం రష్యాకు వ్యతిరేకంగా ఓటేశాం. నా మటుకు నేను ఈ వైఖరిని పిరికితనం అనను, గొప్ప నైతికత అని కూడా అనను. అది బేరం. సరిహద్దు మీద మనకే ఇద్దరు పొరుగువాళ్లతో గొడవలున్నప్పుడు, సరిహద్దులు బలవంతంగా మార్చకూడదన్న సూత్రం రేపు మనకే ఎక్కువ అవసరం పడుతుందన్నది మాత్రం ఆ బేరంలో తక్కువగా లెక్కేశారని అనిపిస్తుంది.

ఇక్కడ జవాబిచ్చిన ఒకరు, ఉక్రెయిన్ మీద అమెరికా వైఖరి మారిపోయాక ఇవన్నీ పాత కబుర్లే అన్నారు. 2025 ఫిబ్రవరి 24న జరిగింది చూస్తే ఆ మాటలో కొంత నిజముంది. దాడికి మూడేళ్లు నిండిన రోజున ఉక్రెయిన్, యూరప్ దేశాలు తెచ్చిన తీర్మానం అసెంబ్లీలో 93 ఓట్లతో గట్టెక్కింది. 18 వ్యతిరేక ఓట్లలో రష్యా పక్కన అమెరికా ఉంది. అదేరోజు మండలిలో అమెరికా తెచ్చిన చిన్న తీర్మానం 10 ఓట్లతో పాసైంది. అందులో యుద్ధం త్వరగా ముగియాలని ఉంది, మొదలుపెట్టిందెవరో లేదు. ఐదు యూరప్ దేశాలు దూరంగా ఉండిపోయాయి. 1980 నాటి 479వ తీర్మానం చదివినవాళ్లకు ఆ వాసన వెంటనే పడుతుంది.

సరిగ్గా మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 21న, అదే మండలి ఇంకో తీర్మానం చేసింది. దాన్ని మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తూర్పు కాంగోలో ఎం23 తిరుగుబాటుదారులు జనవరి చివర్లో గోమా నగరాన్ని పట్టుకున్నారు, తర్వాత బుకావూను. వెనుక రువాండా సైన్యం ఉందని చాలాకాలంగా సమితి నిపుణులు చెబుతున్నారు, రువాండా కాదంటోంది. 2773వ తీర్మానం రువాండా సైన్యాన్ని పేరు పెట్టి పిలిచింది. ఎం23కి సాయం ఆపి, షరతుల్లేకుండా కాంగో నుంచి వెళ్లిపోవాలంది. ఏకగ్రీవం, ఒక్కరు కూడా దూరంగా లేరు. పైన చెప్పినవన్నీ పెట్టుకుని దీన్ని మీరే చదివి చూడండి: పేరు ఉంది, "షరతుల్లేకుండా" ఉంది, పెద్ద దేశమేదీ అడ్డుపడలేదు. మిగిలింది డబ్బు. కొద్దిరోజుల్లోనే బ్రిటన్ రువాండాకు సాయంలో కొంత ఆపేసింది. మార్చిలో యూరోపియన్ యూనియన్ కొందరు సైనికాధికారుల మీద ఆంక్షలు పెట్టింది. జూన్ 27న వాషింగ్టన్‌లో రెండు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ సంతకాల తర్వాత కూడా గోమా ఎం23 చేతిలోనే ఉండిపోయింది.